రెండడుగుల ఎర్రమన్ను

మా అత్తగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. లోకంలోని అసహ్యమైన సంగతులన్నీ ఆవిడకి నోట్లో ముద్ద ఉన్నప్పుడే కావాలి.

మేస్త్రీ బుచ్చిరాజు మా వరండా మెట్టు మీద నిలబడి, మా ఆడపడుచు బేబి స్థలంలో పునాదులు తవ్వుతుంటే ఏం బయటపడిందో చెప్పలేక చెబుతున్నాడు. మోకాళ్ళ దాకా నల్లగా ఉన్నాడు. మా అత్తగారు వీరాయమ్మ గారు ఉప్మాలో ఆవకాయ కలుపుకుంటూ, "రంగెలా ఉందిరా?" అని అడిగారు.

"నల్లగా ఉందండి అమ్మగారూ."

"నీళ్ళగానా, చిక్కగానా?"

"మజ్జిగపులుసు రెండు నెలలు మూతపెట్టి మర్చిపోతే ఎలాగుంటాదండి, అలాగండి. ఆయ్."

ఆవిడ ఇంకో ముద్ద పెట్టుకున్నారు. నేను నా పళ్ళెం తీసుకెళ్ళి సింకులో పెట్టేశాను. పెళ్ళినాటి జాకెట్లు నాకింకా పడుతున్నాయని వీధిలో అందరూ మెచ్చుకుంటారు. దాని వెనక మా అత్తగారి కృషి ఎంతుందో ఎవరికీ తెలియదు.

మా ఆయన సూరిబాబు గారు గోడ క్యాలెండర్ దగ్గర నిలబడి ఉన్నారు. ఎల్లుండి గురువారం బేబి ఇంటికి శంకుస్థాపన. ఆ తేదీని చూపుడువేలితో నొక్కి పట్టుకున్నారు, వదిలితే జారి కింద పడుతుందన్నట్టు.

"పైన ఎర్రమన్ను తోలించేను కదయ్యా," అన్నారు, గోడవైపే చూస్తూ. "రెండడుగులు."

"తోలించేరండి. రెండడుగులూ వంక పెట్టడానికి లేదండి. దాని కిందేనండి వచ్చిన తంటా."

"ఏమొచ్చింది కింద?"

తెలియనట్టే అడిగారు. ఆ గొంతు వింటే ఎవరైనా సరే, జాతరలో తప్పిపోయిన పిల్లాణ్ణి కూర్చోబెట్టినట్టు ఆయన్ని కూర్చోబెట్టి బిస్కెట్ చేతికిస్తారు.

"గునపం ఏస్తే ఆగట్లేదండి బాబుగారూ. దిగిపోతానే ఉందండి. లాగితే ఇస్తరాకులండి, అట్టలు అట్టలుగా. బొండాల డొక్కలండి. బిరియానీ బొమికలండి. ఐస్‌క్రీం కప్పులైతే కొత్తవాటిలాగే ఉన్నాయండి. లక్ష్మీదుర్గ ఫంక్షన్ హాల్ అని అచ్చు కూడా చెరగలేదండి."

లక్ష్మీదుర్గ అంటే నేనే. మలికిపురం రోడ్డులో, మా ఇంటిని ఆనుకుని హాలు కట్టించినప్పుడు మా ఆయన ప్రేమ కొద్దీ నా పేరు పెట్టారు. భార్య పేరు మీద పెద్ద కట్టడం కట్టిన మొగుడు చరిత్రలో ఉన్నాడు కదా అని అప్పట్లో నేనూ మురిసిపోయాను. ఆ మహారాణి పేరు ఎంగిలి కప్పుల మీద అచ్చు వెయ్యలేదన్న సంగతి నాకు ఆలస్యంగా తట్టింది.

"ఇంకోటుందండి," అన్నాడు బుచ్చిరాజు, గొంతు తగ్గించి. "మన కూలోడు రాజ్‌కుమార్ గుంట అంచున కూకుని బీడీ ముట్టించేడండి. బుస్సుమని నీలం మంట లేచిందండి. కనుబొమ్మలు రెండూ పోయేయండి."

"అయ్యో. ఇప్పుడెలా ఉన్నాడు?" అన్నాను.

"బానే ఉన్నాడండి. ఏం చెప్పినా నమ్మనట్టు కనబడతన్నాడండి, అంతే. కానీ కూలోళ్ళు ఇంక ఆ గుంటలో దిగమంటన్నారండి."

మా అత్తగారు చెయ్యి కడుక్కుంటూ తీర్పు చెప్పారు. "నీలం మంటంటే దోషంరా సూరీ. సిద్ధాంతిగారికి ఫోన్ చెయ్యి."

మా ఆయన మొహం విప్పారింది. నేరం మోయడానికి గ్రహాలు తొమ్మిది ఉండగా తానొక్కడే ఎందుకు మొయ్యాలన్న ఆలోచన ఆయన కళ్ళలో స్పష్టంగా కనబడింది. అప్పటికే జేబులోంచి ఫోన్ తీశారు.

"గ్రహాలు విస్తరాకుల్లో భోంచేస్తాయాండీ?" అన్నాను.

ఫోన్ మళ్ళీ జేబులోకి వెళ్ళింది.

*

మా వైపు స్థలం కొన్నవాళ్ళు ముందు చేసే పని దాన్ని మెరక చెయ్యడం. చుట్టూ గోదావరి పాయలు, మధ్యలో కాలవలు. వానాకాలం వస్తే పల్లంలో ఇల్లు కట్టినవాడి మంచం కింద కప్పలు కాపురం పెడతాయి. అందుకే స్థలం రోడ్డుకి ఎంతెత్తున ఉందనేదాన్ని బట్టి మనిషిని లెక్కేస్తారు. మా ఆడపడుచు బేబికి పంపకాల్లో వచ్చిన ఆరు సెంట్లూ నిలువెత్తు పల్లం. "నీకెందుకు బేబీ, నేను మెరక చేసిస్తాను," అని మా ఆయన రెండేళ్ళ కిందట అందరి ముందూ మాటిచ్చారు.

మాట నిలబెట్టుకున్నారు కూడా. హాల్లో పెళ్ళి అయితే చాలు, మర్నాడు పొద్దున్నే ట్రాక్టరు నిండా మిగిలిన అన్నాలూ, సాంబార్లూ, ఆకులూ, పూలదండలూ, డొక్కలూ వెళ్ళి ఆ పల్లంలో పడేవి. ఒంటిపూట ఫలహారాల సీమంతమైనా సగం ట్రాక్టరు తగ్గేది కాదు. నిండేక పైన రెండడుగులు ఎర్రమన్ను పరిచి, రోలరు తిప్పించి, నీళ్ళు కొట్టించారు. కేకు మీద క్రీము రాసినట్టు నున్నగా వచ్చింది.

బేబి వచ్చి చూసి, చెప్పులు విప్పి, ఆ నేల మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. ఫోటో తీసుకుంది. ఇప్పటికీ ఆమె ఫోన్ తెరిస్తే ముందు కనబడేది దేవుడు కాదు, ఆ ఎర్రమన్నే.

మేస్త్రీని వరండాలో కూర్చోబెట్టి మా ఆయన్ని వంటింట్లోకి పిలిచాను.

"బేబికి చెప్పండి."

"ఏమని చెప్పను?"

"జరిగింది జరిగినట్టు. మీ హాలు ఎంగిలంతా ఆవిడ పడగ్గది కింద పాతిపెట్టేనని."

"ఎంగిలేంటి దుర్గా, ఏం మాటలవి. అది ఎరువు. తోటల్లో వెయ్యరా?"

"వేస్తారు. దాని మీద కొబ్బరిమొక్కలు పాతుతారు. ఇళ్ళు కట్టరు."

"కాస్త ఆగితే గట్టిపడుతుంది."

"ఎంత ఆగితే?"

"ఒక వర్షాకాలం. రెండు. మహా అయితే మూడు."

"శంకుస్థాపన ఎల్లుండి."

ఆయన ఫిల్టర్ మూత తీసి లోపలికి చూశారు. కాఫీ లేదు. మూత పెట్టి మళ్ళీ తీశారు.

"చెప్తే అది ఇంక నా మొహం చూడదు," అన్నారు. "చిన్నప్పుడు నేను చెప్పేనని నూతిలోకి కూడా తొంగిచూసేది. అన్నయ్య పట్టుకున్నాడు కదా అని."

"అందుకే చెప్పమంటున్నాను."

"నువ్వు మాత్రం అప్పుడేమైనా అన్నావా?"

నేను కడిగిన పళ్ళేన్నే ఇంకోసారి కడగడం మొదలుపెట్టాను. మా ఇంట్లో వాదనలు సాధారణంగా నేనే గెలుస్తాను. ఆ పళ్ళెం చాలా శుభ్రమయింది.

అప్పుడు వీధిలో స్కూటీ ఆగిన చప్పుడయింది.

*

బేబి రాజోలులో ఒక ఆసుపత్రిలో నర్సు. నలభై రెండేళ్ళు. పెళ్ళి వద్దనుకుంది, దాని గురించి మేమందరం మాట్లాడుకోవడం మానేసి పదేళ్ళయింది. పదహారేళ్ళ ఉద్యోగంలో ఏడు అద్దెకొంపలు మారింది. ఒకచోట చేపల కూర వండకూడదు. ఒకచోట నైట్ డ్యూటీ నుంచి వచ్చి పగలు పడుకోకూడదు, ఇంటికి అరిష్టమట. ఎక్కడా గోడకి మేకు కొట్టకూడదు. ఇప్పుడున్న ఇంటివాళ్ళు దసరాలోపు ఖాళీ చెయ్యమన్నారు. గురువారం మొదలుపెడితే దసరాకి కనీసం రెండు గదులూ వంటిల్లూ లేస్తాయని ఆమె లెక్క.

సంచీలోంచి ఇంటి ప్లాను తీసి బల్ల మీద పరిచింది. మడతల్లో చిరక్కుండా లామినేషన్ చేయించింది.

"వదినా, ఇది చూడు. వంటింటి కిటికీ మార్పించేను. పక్కన జ్ఞానప్రకాశం మాస్టారి కొబ్బరిచెట్ల మీంచి గాలొస్తుంది కదా, అటు పెట్టించేను. ఇటుపక్క గోడంతా ఖాళీ. ఎందుకో చెప్పు."

"ఎందుకు?"

"మేకులు కొట్టుకోడానికి. ఒకటి కాదు, నా ఇష్టమొచ్చినన్ని." నవ్వింది. ఆ తర్వాతే వరండాలో ఉన్న మేస్త్రీ కనబడ్డాడు. "ఏంటి బుచ్చిరాజూ, ఈ టైములో ఇక్కడున్నావ్. పని ఆగిందా?"

బుచ్చిరాజు మా ఆయన్ని చూశాడు. మా ఆయన నన్ను చూశారు. నేను ప్లానులో మరుగుదొడ్డి ఎక్కడుందో శ్రద్ధగా చూశాను.

"కూలోళ్ళకి ఒంట్లో బాలేదంటమ్మా," అన్నారు మా ఆయన. "జ్వరాలు."

నర్సుతో జ్వరాలని అబద్ధమాడే తెలివి మా ఆయనకే ఉంటుంది.

"అందరికీనా?"

"అవునమ్మా."

"ఒకేసారా? వాంతులున్నాయా? నీళ్ళెక్కడివి తాగేరు?" బేబి అప్పటికే లేచింది. "టైఫాయిడ్ అయితే ఊరంతా పాకుతుంది అన్నయ్యా. ఎక్కడున్నారు వాళ్ళు, స్థలం దగ్గరేనా?"

"నువ్వెందుకమ్మా ఎండలో—"

"నువ్వుండు." బుచ్చిరాజు పక్కగా వెళుతూ ఆగింది. వాడి కాళ్ళు చూసింది. ముక్కు ముడిచింది. "ఏంటిరా ఇది. సెప్టిక్ ట్యాంకులో గాని పడ్డావా?"

"లేదండి," అన్నాడు వాడు నిజాయితీగా. "మీ పునాదిలోనండి."

*

స్థలం మా ఇంటికి అర కిలోమీటరు. అందరం వెళ్ళాం. మా అత్తగారు కూడా బయల్దేరారు, ఆవిడ ఆసక్తికి ఉప్మా అరిగిపోయినట్టుంది.

యాభై గజాల దూరం నుంచే వాసన ఎదురొచ్చింది. దాన్ని వాసన అనడం మర్యాద. అది గొంతులోకి దిగి, నాలుక మీద కూర్చుని, నిన్న తిన్నదాన్ని కూడా పేరుపెట్టి పిలిచే రకం. కోడిగుడ్డు, పులిసిన పప్పు, చచ్చిన పందికొక్కు, మల్లెపూలు. మల్లెపూలే అన్నిటికంటే ఘోరం. కుళ్ళిన తర్వాత కూడా అవి పెళ్ళిపూలే అని తెలుస్తూనే ఉంది.

మొన్న కురిసిన అకాలవర్షం నీళ్ళు పునాది కందకంలో నిలిచాయి. పైన రెండడుగులు ఎర్రటి పొర, కింద మనిషి లోతు నల్లటి పొర, గోడ కోసినట్టు కనబడుతోంది. నల్లదాంట్లోంచి అన్నం మెతుకులు ఇంకా తెల్లగా తొంగిచూస్తున్నాయి. నీళ్ళు ఉడుకుతున్నట్టు బుడగలు వేస్తున్నాయి. పొయ్యి లేదు.

బేబి అంచు దాకా వెళ్ళబోతే, ప్రహరీ అవతల నుంచి పిలుపొచ్చింది.

"అక్కడే ఆగమ్మా. అంచు జారుతుంది. నిప్పు మాత్రం ఎవరూ తియ్యకండి."

జ్ఞానప్రకాశం మాస్టారు. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యారు. నాకూ చెప్పారు, రెండేళ్ళు. ఆ పక్కనే ఆయన భార్య మేరీ గారు చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. మేరీ గారు గట్టిగా మాట్లాడి ఎరగరు. నెలరోజుల కిందట చర్చి నుంచి వస్తూ, "మీ హాల్లో భోజనాలు చాలా రకాలుంటాయంట కదండీ," అని నాతో అన్నారు. అది పొగడ్త అనుకుని థాంక్స్ చెప్పాను. ఇప్పుడు చూస్తే వాళ్ళ ఇంటికి ఇటుపక్క కిటికీలన్నీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. ప్రహరీ వెంట నాలుగు కొబ్బరిచెట్ల మట్టలు పసుపు తిరిగి వేలాడుతున్నాయి.

"మాస్టారూ, ఇదేంటండీ?" అంది బేబి. "నాది మెరక చేసిన స్థలం కదా. కింద ఇదంతా ఏంటి?"

మాస్టారు మా ఆయన్ని చూశారు, టైమిస్తున్నట్టు. మా ఆయన దూరంగా ఎగురుతున్న కొంగని చూస్తున్నారు.

"నీకు చూపిస్తానమ్మా," అన్నారు మాస్టారు.

నీళ్ళ సీసా ఒకటి, గరాటు ఒకటి పట్టుకుని ఇవతలికొచ్చారు. సీసా నింపి, కందకం నీళ్ళలో తలకిందులుగా పట్టుకుని, మూతికి గరాటు పెట్టి, పొడుగాటి కర్రతో అడుగున కదిపారు. గుప్పుగుప్పుమని బుడగలు లేచి గరాటులోకి ఎక్కాయి. సీసాలో నీళ్ళు దిగిపోయాయి. బొటనవేలితో మూతి మూసి, కందకానికి దూరంగా, తన ఇంటి అరుగు దాకా నడిచారు. మేరీ గారు కొవ్వొత్తి వెలిగించి పట్టుకున్నారు. వేలు తీశారు.

నీలం మంట. పొగ లేదు, చప్పుడు లేదు. ఒక్క క్షణం సీసా మూతి మీద కూర్చుని పోయింది.

"దోషం," అన్నారు మా అత్తగారు, కాస్త తగ్గించి.

"మీథేనండి అమ్మగారూ," అన్నారు మాస్టారు. "తిండీ ఆకులూ గాలి తగలకుండా కుళ్ళితే పుట్టేది ఇదే. దీనికి వాసనుండదండి, మనకొచ్చే కంపు వేరేవాటిది. పైన రోలరు తిప్పేసి మూతేస్తే, ఇంక లోపల దీనికి పండగే."

మా ఆయనకి ప్రాణం లేచొచ్చింది. "గ్యాసే కదండీ. మంచిదేగా మాస్టారూ. బేబి వంటకి పనికొస్తుంది. పైపు వేయించేస్తాను."

"పనికొస్తుందండి సూరిబాబు గారూ. మా పెరట్లో వంటింటి చెత్తకి డ్రమ్ము పెట్టుకున్నాం కదా, మా మేరీ టీ దాని మీదే కాస్తుంది. డ్రమ్ములో పుడితే వంటకి పనికొస్తుందండి. పడగ్గది కింద పుడితే నేల పగుల్లోంచి గదిలోకొస్తుంది. తలుపులేసుకుని పడుకున్నామె పొద్దున్నే లేచి స్విచ్చు నొక్కితే చాలు."

బేబి వెంట తెచ్చుకున్న ప్లానుని గుండ్రంగా చుట్టింది.

"పోనీ, పైపులేసి పైకి వదిలేద్దామండీ," అన్నారు మా ఆయన. "గాల్లో కలిసిపోద్ది."

"కలిసి ఊరుకోదండి. వేడిని పట్టి ఉంచుతుంది. బొగ్గూ పెట్రోలూ కాలిస్తే వచ్చే వాయువుతో చూస్తే, ఇరవయ్యేళ్ళ లెక్కలో ఎనభై రెట్లు ఎక్కువ. మనం చెమటలు కారుస్తూ ఈ ఎండని తిట్టుకుంటున్నామే, అందులో దీనికీ వాటా ఉంది."

"నా హాలు ఆకులకే లోకం మాడిపోద్దాండీ. బాగుందండి."

"మీ ఒక్కరిదే అయితే నేనూ ఊరుకుందును. ఇక్కణ్ణుంచి అమలాపురం దాకా ఎన్ని హాళ్ళున్నాయో నాకంటే మీకు బాగా తెలుసు. ఎన్ని ఊళ్ళ చెత్త ఎన్ని గోతుల్లో పడుతోందో. అడిగితే అందరూ ఇప్పుడు మీరన్న మాటే అంటారు."

"అంతర్వేదిలో మా తమ్ముడి ఇంటి ముందుకొచ్చేసిందండి సముద్రం," అన్నారు మేరీ గారు, ఎవరితోనూ కానట్టు. "పోయినేడు చేపల వలలు ఆరేసిన చోట ఇప్పుడు కెరటాలండి."

"దానికి కారణాలు చాలా ఉన్నాయిలే మేరీ. అందులో ఇదొకటి." మాస్టారు మా ఆయన వైపు తిరిగారు. "మంచి సంగతి కూడా ఉందండి. పొగగొట్టాల వాయువు వందల ఏళ్ళు పైనే ఉంటుంది. ఇది పన్నెండేళ్ళకల్లా చాలావరకు పోతుంది. ఇవాళ పుట్టించడం మానేస్తే తేడా మనమే చూస్తాం, మనవలదాకా ఆగక్కర్లేదు. తడిది తడిగా, పొడిది పొడిగా హాలు దగ్గరే విడదీస్తే, మీ పొయ్యి మీ మిగిలిన అన్నంతోనే మండుతుంది. ఈ గోతిది మాత్రం మొత్తం తవ్వి తియ్యాల్సిందే."

"తియ్యడానికి ఎన్నాళ్ళు పడుతుందండీ?" అంది బేబి.

"జాగ్రత్తగా తియ్యాలమ్మా. తీసి, ఆరబెట్టి, మంచి మన్ను పోసి, ఒక వర్షాకాలం నాననిచ్చి... వచ్చే ఏడు ఈ పాటికి."

బేబి తలూపింది. పేషెంటు తాలూకు మనుషులకి చెడ్డకబురు చెప్పేముందు నర్సులు తలూపుతారే, అలా. దసరా మాట ఎవరూ ఎత్తలేదు.

వంగి, తవ్విపోసిన కుప్పలోంచి ఒక ఐస్‌క్రీం కప్పు తీసింది. తన సంచీలోని సీసా నీళ్ళు పోసి కడిగింది. ఆమె చేతుల్లో ఎలాంటి పనికైనా ఒక శుభ్రం ఉంటుంది. అక్షరాలు చదివింది. మళ్ళీ చదివింది.

"ఎవరు పోసేరన్నయ్యా?"

"ట్రాక్టరు వాడమ్మా. ఎక్కడో దూరంగా పొయ్యమన్నాను. వాడు దగ్గర కదా అని—"

"రెండేళ్ళా?"

"రోజూ చూస్తానా నేను. హాల్లో ఎన్ని పనులు."

"ఎర్రమన్ను కూడా వాడే తోలేడా?"

కొంగ ఎప్పుడో ఎగిరిపోయింది. మా ఆయనకి చూడ్డానికి ఆకాశంలో ఇంకేం మిగల్లేదు. "మెరక చేస్తానన్నాను. చేసేను," అన్నారు. "నీకు మంచి జరగాలనే చేసేను. ఇలాగవుద్దని ఎవరికి తెలుసు."

"నేను చెప్పుల్లేకుండా నడిచేను దీని మీద," అంది బేబి. గొంతు పెంచలేదు. "నువ్వు పక్కనే నిలబడి చూసేవు. ఎలా ఉంది బేబీ అని కూడా అడిగేవు."

మా అత్తగారు జన్మలో మొదటిసారి ముక్కు మూసుకున్నారు.

బేబి నా వైపు తిరిగింది. కప్పు ఇంకా చేతిలోనే ఉంది.

"వదినా, నీకు తెలుసా?"

నేను నోరు తెరిచేలోపు మా ఆయన అన్నారు. "దానికేం తెలీదు. ఇంట్లో ఉండే మనిషి. నేనేం చెప్పలేదు."

ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆయన నా కోసం ఆడిన మొదటి అబద్ధం అది. తన కోసం అయితే రోజుకి నాలుగు ఆడతారు, ఒక్కటీ నిలబడదు. ఇది మాత్రం నిలబడింది. బేబి నమ్మేసింది. ఆమె భుజాలు కాస్త దిగాయి. నా చెయ్యి పట్టుకోవడానికి తన చెయ్యి కూడా చాచింది, ఈ కుటుంబంలో ఒక్కరైనా మిగిలారు కదా అన్నట్టు.

నేను ఊరుకుంటే సరిపోయేది. రెండేళ్ళుగా నాకు బాగా అలవాటైన పని.

మాస్టారు నన్నే చూస్తున్నారు. కోపం లేదు. ఇంటర్‌లో క్లాసు పరీక్షకి మీథేన్ తయారీ బొమ్మ వేసి, భాగాలు గుర్తించి, పదికి పది తెచ్చుకున్న అమ్మాయిని నేను. ఆ పేపరు క్లాసంతా తిప్పి చూపించింది ఆయనే. మేరీ గారి చేతిలోని కొవ్వొత్తి తీసుకుని ఆర్పి, అరుగు మీద పెట్టారు.

నేను ముక్కుకి అడ్డం పెట్టుకున్న చెంగు తీసేశాను.

"తెలుసు బేబీ," అన్నాను.

ఆమె చెయ్యి దారిలో ఆగింది.

"దుర్గా," అన్నారు మా ఆయన, వద్దన్నట్టు.

"మీరుండండి. బేబీ, హాలు చెత్త ముందు కాలవ గట్టున పోసేవారు. నా వంటింటి కిటికీకి ఎదురుగా. ఏడాదిపాటు నేను ఆ కిటికీ తియ్యలేకపోయేను. రోజూ మీ అన్నయ్యతో గొడవే. చివరికి, ఎక్కడ పారబోస్తారో నాకనవసరం, నా కళ్ళబడకూడదు, అన్నాను. మొదటి ట్రాక్టరు నీ స్థలం వైపు తిరిగినప్పుడు నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. చూసేను. అందులో ఏముందో తెలుసు. పాతిపెడితే ఏమవుద్దో కూడా తెలుసు, ఈ మాస్టారే నేర్పేరు నాకు. అరిచి ఆపొచ్చు. కిందికి దిగి కిటికీ తీసుకుని కాఫీ తాగేను. చాలా బాగుందనిపించింది."

మేరీ గారు తలదించుకున్నారు. బుచ్చిరాజు మాకు వినబడనంత దూరం జరగాలనుకుని రెండడుగులు వేసి, అక్కడ కందకం ఉందని ఆగిపోయాడు.

"నువ్వొచ్చి ఆ మన్ను మీద నడిచిన రోజు నీకు టిఫిన్ పెట్టింది నేనే. ఆ రోజైనా చెప్పలేదు. ఈ రెండేళ్ళూ నాలో నేను మీ అన్నయ్యనే తిట్టుకుంటూ ఉన్నాను, హాయిగా ఉండేది."

బేబి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కాస్త తేలికయ్యేది.

"అంటే, ఆయనకి చెప్పింది నువ్వు," అంది నెమ్మదిగా. "ఊరుకున్నదీ నువ్వు."

"అవును. తప్పు చేసేను బేబీ. ముందు నాది తప్పు. మీ అన్నయ్యది నా తర్వాత."